బుధవారం పాలవేళ

మూడున్నరకి రేడియో పెడతాను.
పాలకొట్టంలో, తలుపు పక్క మేకుకి
పురికొస కట్టి వేలాడదీశాను దాన్ని.
ఒక బటన్ ఊడింది; అగ్గిపుల్ల దూర్చి తిప్పుతాను.
స్పీకర్ జాలీ మీద పదేళ్ల పేడ చుక్కలు.
బతికుండగా హెస్టర్ ఒకసారి తుడిచింది.
ఆ తర్వాత వానే, అదీ చూరు కారినప్పుడు.

మిగతా రోజులన్నీ వయొలిన్లు, పియానోలు,
ఎప్పుడో పోయిన జర్మన్ల గురించి
రహస్యంలా చెప్పే ఒక అమ్మాయి.
ఆవులకి ఏదైనా ఒకటే అంటాడు పాలలారీ ఆర్చర్.
కాదు.
బాకాలు మోగితే బ్రాంబుల్ తన్నుతుంది.
ఒంటరి చెల్లో అయితే కళ్లు సగం మూసి నెమరేస్తుంది.

బుధవారం మాత్రం కెథీడ్రల్ సాయంకాల ప్రార్థన.
ముందు ఏమీ వినిపించదు.
ఆ ఏమీ లేకపోవడమే నాకిష్టం.
వంద మైళ్ల అవతల ఒక రాతి కడుపు
ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు.
ఎవరిదో దగ్గు, జారిపడ్డ చేతికర్ర,
బయటెక్కడో వెనక్కొస్తున్న ట్రక్కు కూత.
అప్పుడు లేస్తుంది ఒక పిల్లాడి గొంతు,
పాలపళ్లు ఇప్పుడిప్పుడే ఊడిన గొంతు,
జనవరి పొద్దున బకెట్ మీది మంచు పెంకులా
పల్చగా, ముట్టుకుంటే కోసేలా.

దేవుడితో నాకు పెద్దగా రాకపోకల్లేవు.
పెళ్లికి ఒకసారి, హెస్టర్ పెట్టె మోసినప్పుడు ఒకసారి.
అయినా కీర్తన మొదలైతే చేతులు నెమ్మదిస్తాయి.
అటు వరస ఒక పాదం, ఇటు వరస ఒక పాదం,
పాదం నడుమ అందరూ ఒక్కసారే
ఊపిరి తీసుకునే ఖాళీ.
నా మిషనుదీ అదే పాట: పీల్చు, వదులు, పీల్చు, వదులు.
ఎప్పుడో ఒకసారి రెండూ కలుస్తాయి.
కలిసిన ఆ క్షణాన పెన్నీ చేపుతుంది.
లోపలెక్కడో ముడి విడినట్టు
నాలుగు గొట్టాల్లోనూ తెల్లగా దిగుతాయి పాలు.
పశువుల డాక్టర్ దీనికి వేరే పేరు చెబుతాడేమో.
నేను అడగలేదు.

హెస్టర్‌కీ నాకూ ఒక పందెం ఉండేది.
చివరి మాట పాడి నోళ్లు మూశాక
ఆ శబ్దం చచ్చేదాకా లెక్కపెట్టి
అది ఏ ఊరి గుమ్మటమో చెప్పాలి.
ఓడినవాళ్లు రాత్రి గిన్నెలు కడగాలి.
ఆమె వేళ్లు మడుస్తూ, నేను పెదాలు కదుపుతూ.
"మళ్లీ పోయావు, ఎల్లిస్."
పదేళ్లు గిన్నెలు నేనే కడిగాను.
ఇప్పుడు పందెం లేదు. గిన్నెలూ రెండే.

గాలి ఉత్తరానికి తిరిగితే
మా యార్క్‌షైర్ లోయలోకి సిగ్నల్ దిగదు.
ఒకసారి సరిగ్గా పాదం మధ్యలో తెగింది.
గరగర, ఆపైన ఎవరో ఫ్రెంచిలో వార్తలు.
మిగతా సగం నేనే పాడాను,
నలభై ఒకటో నంబరు డొక్కకి నుదురానించి,
తప్పు శ్రుతిలో, తప్పు మాటలతో.
అది తోక విసిరి నా చెవి మీద కొట్టింది.

అక్టోబరులో మందని అమ్మేశాను.
పాలధర. మోకాళ్లు. చెప్పడానికి ఇంకేముంది.
మూడు లారీలు. ఎక్కనని బ్రాంబుల్ మొరాయించింది.
పెన్నీ వెనక్కి తిరిగి చూడలేదు.
కొట్టం కడిగాను, గొట్టాలు విప్పి చుట్టాను,
రేడియోని మాత్రం మేకుకే వదిలేశాను.

తర్వాతి బుధవారం, మూడున్నరకి,
కాళ్లు వాటంతటవే బూట్లలో దూరాయి.
బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను.
దగ్గు. ఈసారి చేతికర్ర లేదు, ఎవరో పేజీ తిప్పారు.
పిల్లాడి గొంతు లేచింది.
వరసలు ఒకదానికొకటి అందించుకున్నాయి.
చివరి మాట అయింది.
లెక్క మొదలుపెట్టాను.
ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.
అక్కడ ఆగిపోయింది.
నాకింకా వినిపిస్తోంది.
రేడియోలోంచి కాదు,
ఖాళీ కొక్కేల్లోంచి, కడిగిన గోడల్లోంచి,
రేకుల కప్పు కిందనుంచి
ఇంకో ఒకటిన్నర.

ముప్పయ్యేళ్లలో ఒక్కసారి కూడా వినలేదు దాన్ని.
డెబ్బై ఆవుల ఒళ్లు తాగేసేవి కాబోలు,
వెచ్చగా, నెమరేస్తూ.

హెస్టర్, ఆరున్నర.
ఏ ఊరో చెప్పు.